కారు నంబర్ ప్లేట్ రూల్ ప్రకారం ఉందా? ఒక సాయంత్రంలో చూసుకుని సరిచేసుకోవడం ఎలా

దసరాకి కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముందు బంపర్‌కి బారెడు బంతిపూల దండ కట్టాం. మూడో రోజు ఊరి నుంచి తిరిగొస్తుంటే టోల్‌గేటు దాటాక పోలీసులు ఆపారు. లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ అన్నీ ఉన్నాయన్న ధీమాతో అద్దం దించాను. ఆయన అవేవీ అడగలేదు. "దండ బాగుంది సార్, కింద నంబరేది?" అన్నాడు. దిగి చూస్తే దండ వాడి, జారి, సరిగ్గా ప్లేట్ మీద కూర్చుంది. కనిపిస్తున్న రెండు అంకెల మీదా కుంకుమ బొట్లు. ఫైన్ వేయకుండా దండ తీయించి పంపేశాడు. ఇంటికొచ్చి రూల్స్ చదువుకుని మళ్లీ చూస్తే ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. ఆ రెండూ నేను డబ్బులిచ్చి మరీ చేయించుకున్నవే.

అందుకే ఇది రాస్తున్నాను. నంబర్ ప్లేట్ ఎలా ఉండాలన్నది రాష్ట్రానికో రకంగా ఉండదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50, 51 నంబర్ల కింద దేశమంతటికీ ఒకేలా రాసి పెట్టారు. విజయవాడలో చెల్లేది హైదరాబాద్‌లో, బెంగళూరులో కూడా చెల్లుతుంది. చెల్లనిది ఎక్కడా చెల్లదు. ఆపితే చెల్లించే ఫైన్ రేటు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

ఈ పనికి కావాల్సినవి: ఆర్‌సీ, తడిగుడ్డ, ఒక స్కేలు, ఫోను. సాయంత్రం అయిదున్నరకి మొదలుపెట్టండి. చివరి పరీక్ష చీకట్లోనే చేయాలి.

1. ముందు ప్లేట్ అసలుదో కాదో తేల్చుకోండి

తడిగుడ్డతో ముందు, వెనక ప్లేట్లు తుడిచి దగ్గరగా చూడండి. మీ కారు 2019 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ తయారైతే, దానికి హై సెక్యూరిటీ ప్లేట్ కంపెనీ తరఫునే రావాలి. షోరూమ్ వాళ్లే బిగించి ఇవ్వాలి, విడిగా డబ్బులు అడగకూడదు. దీన్నే హెచ్‌ఎస్‌ఆర్‌పీ అంటారు. గుర్తుపట్టడం తేలిక.

ఎడమవైపు పైన 20 మిల్లీమీటర్ల చదరపు హోలోగ్రామ్, అందులో నీలం రంగు అశోక చక్రం ఉంటుంది. దాని కింద నీలం రంగులో ఐ, ఎన్, డి అనే మూడు అక్షరాలు. ఇంకా కింద, ఎడమ మూలన, చిన్న అక్షరాల్లో లేజర్‌తో చెక్కిన కోడ్. అది గోటితో గీకినా పోదు. నంబర్ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటి మీద ఏటవాలుగా సన్నటి అక్షరాల్లో దేశం పేరు మెరుస్తూ కనిపిస్తుంది. ఎండలో ప్లేట్‌ని అటూ ఇటూ వంగి చూడండి, తెలిసిపోతుంది. వెనక ప్లేట్‌కి మామూలు బోల్టులు ఉండవు. ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని స్నాప్ లాక్‌లు ఉంటాయి.

రేడియం షాపులో కొట్టించిన ప్లేట్ మీద కూడా ఐ, ఎన్, డి అక్షరాలు, ఒక చక్రం స్టిక్కర్ అంటించి ఇస్తారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. కానీ లేజర్ కోడ్ ఉండదు, ఉన్నా అది ఏ రికార్డులోనూ ఉండదు. అసలు ప్లేట్ విలువంతా ఆ కోడ్‌లోనే ఉంది. ముందు ప్లేట్‌కి ఒక కోడ్, వెనక ప్లేట్‌కి ఇంకో కోడ్, రెండూ మీ బండి రికార్డుకి ముడిపడి ఉంటాయి. ఇప్పుడే రెండిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ప్లేట్ ఎవరైనా ఎత్తుకెళ్తే అప్పుడు పనికొస్తుంది.

ఆర్‌సీ తీసి నంబర్‌ని ఒక్కో అక్షరం సరిచూడండి. నవ్వకండి, ఎంబాసింగ్‌లో అంకె తప్పు పడిన బండ్లు రోడ్ల మీద ఉన్నాయి. వాటి చలాన్లు వేరే వాళ్లకి వెళ్తుంటాయి.

2. పాత కారైతే హెచ్‌ఎస్‌ఆర్‌పీ బుక్ చేసుకోండి

2019 ఏప్రిల్‌కి ముందు కారు అనగానే ప్లేట్ లేదని అనుకోకండి. అంతకు ముందే మన దగ్గర ఆర్‌టీఓ ఆఫీసుల్లో ఫీజు కట్టించుకుని ఇవే ప్లేట్లు బిగించేవాళ్లు. ఫీజు కట్టి, ప్లేట్ కోసం మళ్లీ వెళ్లని వాళ్లు కూడా చాలామంది. మీ కారు ఏ కోవలోదో ముందు చూసుకోండి.

లేదని తేలితే ఇలా చేయండి. కార్ల తయారీదారుల సంఘం సియామ్ వెబ్‌సైట్‌లో హెచ్‌ఎస్‌ఆర్‌పీ విభాగం ఉంటుంది. అక్కడ మీ రాష్ట్రం, కారు కంపెనీ ఎంచుకుంటే ఆ కంపెనీ ఒప్పందం చేసుకున్న అసలు ప్లేట్ తయారీదారు పేజీకి తీసుకెళ్తుంది. అక్కడ బండి నంబర్, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ అడుగుతుంది. ఛాసిస్, ఇంజిన్ నంబర్లకి సాధారణంగా చివరి అయిదు అక్షరాలు చాలు, రెండూ ఆర్‌సీ మీదే ఉంటాయి. ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. తర్వాత దగ్గరలోని డీలర్‌ని ఎంచుకుని, తేదీ, టైం పెట్టుకుని, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి రసీదు దాచుకోవాలి. కొన్ని ఊళ్లలో ఇంటికొచ్చి బిగించే సౌకర్యం కూడా ఉంటుంది, దానికి కొంచెం ఎక్కువ అవుతుంది.

గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన సైటులో డబ్బు కట్టేయకండి. ఈ ప్లేట్ల పేరుతో దొంగ సైట్లు బోలెడు పుట్టాయి. ఎస్సెమ్మెస్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన లింకు అయితే అసలే ముట్టుకోకండి. సియామ్ సైటు నుంచి గానీ మీ రవాణా శాఖ సైటు నుంచి గానీ వెళ్తే ఆ టెన్షన్ ఉండదు.

వివరాలు కొడితే 'రికార్డు దొరకలేదు' అని వస్తే, చాలాసార్లు ఆర్‌సీలో ఇంజిన్ నంబర్ ఒక రకంగా, ఆన్‌లైన్ రికార్డులో ఇంకో రకంగా పడి ఉంటుంది. ముందు ఆర్‌టీఓ ఆఫీసులో రికార్డు సరిచేయించుకోవాలి. ఇంకో దారి లేదు.

బిగించే రోజు కారు తీసుకెళ్లాలి. ప్లేట్ చేతికిచ్చి 'ఇంట్లో బిగించుకోండి' అంటే ఒప్పుకోకండి, అధీకృత మనిషే స్నాప్ లాక్‌తో బిగించాలి. పాత బండ్లకి గడువులు రాష్ట్రాలు వేటికవే పెట్టుకున్నాయి. కర్ణాటక 2023లో ఉత్తర్వు ఇచ్చి పదేపదే పొడిగించింది. అలా పొడిగించడం చూసి మనవాళ్లు 'చూద్దాంలే' అంటారు. గడువు చివరి వారంలో స్లాటు దొరకడం మాత్రం తత్కాల్ టికెట్ దొరికినట్టే.

3. ప్లేట్ మీద, చుట్టూ ఉన్న అదనపు సరుకు తీసేయండి

మనలో ఎక్కువమంది తప్పులు ఇక్కడే ఉంటాయి. నావి కూడా.

మొదటిది ఫ్రేమ్. కారు కొన్నప్పుడు షోరూమ్ వాళ్లు తమ పేరు, ఫోన్ నంబర్ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్‌లో ప్లేట్ పెట్టి ఇస్తారు. నేను ఇంకో అడుగు ముందుకేసి, యాక్సెసరీస్ షాపులో క్రోమ్ ఫ్రేమ్ వేయించాను. దాని అంచు వచ్చి సరిగ్గా లేజర్ కోడ్ మీద కూర్చుంది. హోలోగ్రామ్, నీలం అక్షరాలు, కోడ్ ఇవన్నీ ప్లేట్ ఎడమ అంచుకి దగ్గరగా ఉంటాయి కాబట్టి వెడల్పాటి ఫ్రేమ్ ఏదైనా వాటిని మింగేస్తుంది. ఫ్రేమ్ సన్నగా ఉండి ఏమీ కప్పకపోతే నేనైతే పెద్దగా పట్టించుకోను. అక్షరం గానీ కోడ్ గానీ రవ్వంత కప్పినా తీసేయాల్సిందే.

రెండోది పైన వేసే ప్లాస్టిక్ కవర్. 'గీతలు పడవు సార్' అని అమ్ముతారు. ప్లేట్ ఉపరితలం వెలుతురు పడితే తిరిగి మెరిసేలా చేసి ఉంటుంది, కవర్ వేస్తే ఆ మెరుపు చచ్చిపోతుంది. ఎండకి ఆరు నెలల్లో పసుపెక్కుతుంది. నల్లరంగు కవరైతే ఇక చెప్పేదేముంది, కెమెరా నుంచి తప్పించుకోవడానికే వేశారని పోలీసులు అనుకుంటారు. అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

మూడోది రాతలు. నంబర్ ప్లేట్ మీద నంబర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. పేరు, బొమ్మ, హోదా, దేవుడు, కులం, పార్టీ, హీరో ఏదీ కుదరదు. డాక్టర్, అడ్వకేట్, ప్రెస్ అని ఎర్ర అక్షరాల్లో రాయించుకున్నా అంతే. 2024 ఎన్నికల తర్వాత 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అన్న మాట బండ్ల మీద ఎలా పాకిందో గుర్తుండే ఉంటుంది. కొందరైతే నంబర్ తీసేసి ఆ మాట ఉన్న ప్లేటే పెట్టుకున్నారు. అభిమానం ఎవరి మీదైనా ఉండొచ్చు. నంబర్ ఉండాల్సిన చోట నంబర్ లేకపోతే అది నంబర్ లేని బండి కిందే లెక్క.

నాలుగోది అక్షరాల తీరు. అక్షరాలు ఇంగ్లీషులోనే, అంకెలు మనం రోజూ వాడే 1, 2, 3 లోనే ఉండాలి. తెలుగు అంకెల్లో రాయించుకోవడం ముచ్చటగానే ఉంటుంది, ప్లేట్‌గా మాత్రం చెల్లదు. వాలు అక్షరాలు, వంకర అక్షరాలు, 8055ని 'బాస్' అని చదివించేలా కొట్టించడం, ఫ్యాన్సీ నంబర్‌లో చివరి అంకె మాత్రం పెద్దది చేయడం, ఇవన్నీ తప్పే. వేలంలో లక్షలు పోసి కొన్న నంబరైనా మామూలు నంబర్ లాగే కనిపించాలి.

ఇంకా మామూలు ప్లేటే ఉండి హెచ్‌ఎస్‌ఆర్‌పీ కోసం ఆగుతున్నవాళ్లు స్కేలు తీయండి. కారుకి అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరానికీ అక్షరానికీ మధ్య 10 ఉండాలి. హెచ్‌ఎస్‌ఆర్‌పీ అయితే కొలవక్కర్లేదు. కారుకి 500 బై 120 మిల్లీమీటర్ల పొడుగు ప్లేట్, లేదా 340 బై 200 రెండు వరసల ప్లేట్ వస్తుంది. ఏది వస్తుందన్నది మోడల్‌లో ఉన్న చోటుని బట్టి ఉంటుంది. మనం ఎంచుకునేది కాదు.

అయిదోది ముందు బిగించే బుల్ గార్డు. రాడ్డు ప్లేట్‌కి అడ్డం వస్తుందన్నది ఒక్కటే సమస్య కాదు. ఎదురుగా నడిచేవాడికి తగిలితే ప్రాణం మీదికి వస్తుందని, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. తీయించేయండి.

పూజల సంగతి కూడా చెప్పాలి. బొట్టు బానెట్ మీద పెట్టండి, దండ గ్రిల్‌కి పైన కట్టండి, నిమ్మకాయ టైరు కింద పెట్టండి. ప్లేట్‌ని వదిలేయండి. పెళ్లి కారుదీ ఇదే కథ. వధూవరుల పేర్ల థర్మోకోల్ బోర్డు నంబర్ మీదే అంటిస్తారు, అది నున్నగా ఉండి టేపు బాగా పట్టుకుంటుందని. ముహూర్తానికి అరగంట ముందు రోడ్డు మీద ఆపితే ఎవరికి బాగుంటుంది? బోర్డుని డిక్కీ మీదకి మార్చమని డెకరేషన్ కుర్రాడికి ముందే చెప్పండి. పల్లెటూరి నుంచి వర్షంలో వస్తే, హైవే ఎక్కేముందు నల్లరేగడి బురద ఓసారి తుడవండి.

4. రంగు సరిగ్గా ఉందా?

సొంత కారుకి తెల్ల ప్లేట్ మీద నల్ల అక్షరాలు. ట్యాక్సీకి పసుపు మీద నలుపు. మనమే నడుపుకునే అద్దె కారుకి నలుపు మీద పసుపు. కరెంటు కారైతే ఆకుపచ్చ ప్లేట్, సొంతానికి తెల్ల అక్షరాలు, ట్యాక్సీకి పసుపు అక్షరాలు. తాత్కాలిక నంబర్ పసుపు మీద ఎరుపు. తెల్ల ప్లేట్ కారుని కిరాయికి తిప్పడం ప్లేట్ తప్పు కాదు, పర్మిట్ తప్పు. అది ఇంకా పెద్దది.

5. అద్దం మీద స్టిక్కర్

చాలామందికి తెలియని మూడో ప్లేట్ ఇది. ముందు అద్దానికి లోపలివైపు, పైన ఎడమ మూలన, 100 బై 60 మిల్లీమీటర్ల హోలోగ్రామ్ స్టిక్కర్ ఉండాలి. పెట్రోల్, సీఎన్‌జీ కార్లకి లేత నీలం, డీజిల్‌కి నారింజ, మిగతా వాటికి బూడిద రంగు. బీఎస్ 6 (పొగ కాలుష్యం ఎంత ఉండాలో చెప్పే ప్రమాణం) కారైతే పైన ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. అందులో బండి నంబర్, రిజిస్టర్ చేసిన ఆఫీసు, లేజర్ కోడ్‌ల వంటివి రాసి ఉంటాయి. పీకితే చిరిగిపోయేలా తయారుచేశారు, ఇంకో అద్దానికి మార్చలేం. కాబట్టి రాయి తగిలి అద్దం మార్పించుకున్నారంటే ఈ స్టిక్కర్ కూడా మళ్లీ తెప్పించుకోవాలి. గ్యారేజీలో ఎవరూ గుర్తు చేయరు. బుకింగ్ సైట్లలో స్టిక్కర్ ఒక్కటే కావాలని అడిగే వీలుంటుంది.

6. చీకటి పడేలోపు, మీకు వర్తిస్తే ఇవి చదవండి

*కొత్త కారు కొంటున్నారా.* 2019లో మారిన చట్టం ప్రకారం, డీలరే రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేసే కొత్త బండిని నంబర్ ప్లేట్ బిగించకుండా మీకు అప్పగించకూడదు. తాత్కాలిక నంబర్‌తో తెచ్చుకుంటే, దాన్ని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి అద్దానికి అంటిస్తే సరిపోదు. పసుపు ప్లేట్ అడగండి. 'మంచి రోజు పోతుంది, ముందు బండి తీసుకెళ్లండి, ప్లేట్ తర్వాత పంపిస్తాం' అంటే ముహూర్తం ఒక వారం వెనక్కి జరపండి. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే చట్టంలో అయిదు వేల దాకా జరిమానా ఉంది, మళ్లీ దొరికితే పది వేలు, జైలు కూడా.

*ప్లేట్ పోయింది లేదా వంగిపోయింది.* పోతే ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు. ఇది బద్ధకించే విషయం కాదు. మీ నంబర్ ప్లేట్ తగిలించుకుని వేరేవాడు ఏం చేసినా మొదట మీ ఇంటి తలుపే తడతారు. ఫిర్యాదు కాపీ, ఆర్‌సీతో అదే బుకింగ్ సైటులో ఒక ప్లేట్ కావాలో రెండూ కావాలో పెట్టుకోవచ్చు. యాక్సిడెంట్‌లో వంగితే పాత ప్లేట్ పారేయకండి, కొత్తది బిగించేటప్పుడు తిరిగి అడుగుతారు. బంపర్ పెయింటింగ్‌కి ఇస్తే, స్నాప్ లాక్ విరగ్గొట్టి మామూలు స్క్రూలు బిగించి ఇస్తారు. నా రెండో తప్పు అదే. షెడ్డు మేస్త్రీ 'గట్టిగా ఉంటుంది సార్' అంటే తలూపి డబ్బులిచ్చాను.

*రాష్ట్రం మారారు.* బెంగళూరు నుంచి కర్ణాటక నంబర్‌తో హైదరాబాద్ వచ్చి స్థిరపడితే, పన్నెండు నెలలు దాటితే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ ట్యాక్స్ కట్టి కొత్త నంబర్ వచ్చాక కొత్త ప్లేట్ బుక్ చేసుకోవాలి. నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీ ఉద్యోగులకి, ప్రభుత్వ, రక్షణ ఉద్యోగులకి 2021లో వచ్చిన భారత్ సిరీస్ ఈ తిప్పలు తప్పిస్తుంది. అదీ తెలుపు మీద నలుపే, కాకపోతే నంబర్ సంవత్సరంతో మొదలవుతుంది.

*ఏపీ, టీఎస్, టీజీ.* దీని మీద ఇంట్లో మామయ్యలు ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకి టీజీ వస్తోంది. అంతకు ముందు టీఎస్‌తో రిజిస్టరైన బండి టీఎస్‌గానే ఉంటుంది, విభజనకి ముందు హైదరాబాద్‌లో ఏపీ 09తో రిజిస్టరైనదీ అలాగే ఉంటుంది. మీకు మీరే 'ఎస్' చెరిపి 'జి' రాయించుకుంటే అది తప్పుడు నంబర్ అవుతుంది. ఆర్‌సీలో ఏముందో అదే ప్లేట్ మీద ఉండాలి.

*పోలీసులు ఆపితే.* ప్లేట్ సరిగ్గా లేదన్న చిన్న తప్పుకి చట్టంలోని మామూలు సెక్షన్, 177 కింద మొదటిసారి 500, తర్వాత 1,500 రూపాయల దాకా ఉంది. రోడ్డు మీద కట్టించుకునే మొత్తం మీ రాష్ట్రం ఉత్తర్వుని బట్టి వేరుగా ఉండొచ్చు. కావాలని అంకె మడిచినా, టేపు వేసినా, మాస్క్ తగిలించినా మాత్రం సంగతి వేరు. అలాంటి వాళ్ల మీద హైదరాబాద్‌లో చీటింగ్ కేసులు పెట్టారు. రెండు వందల చలానాకి భయపడి క్రిమినల్ కేసు తెచ్చుకోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. మీరు వెళ్లని ఊరి నుంచి మీ నంబర్‌కి చలానా వస్తే, అందులో ఉన్న ఫొటో తెరిచి కారు మోడల్, రంగు చూడండి. మీది కాకపోతే డబ్బు కట్టకుండా, ఇందాక తీసిన లేజర్ కోడ్ ఫొటోలతో ఫిర్యాదు పెట్టండి.

7. ఇప్పుడు లైట్ వేయండి

చీకటి పడింది కదా. హెడ్‌లైట్లు వేసి, వెనక్కి వెళ్లి, ప్లేట్‌కి ఎదురుగా ఇరవై అంగలు వేసి తిరిగి చూడండి. సుమారు 15 మీటర్లు. ఆ దూరం నుంచి వెనక నంబర్ చదవగలగాలి. దానికోసమే ప్లేట్ పైన చిన్న తెల్ల బల్బు ఉంటుంది. అది కాలిపోయినా లోపల కూర్చున్నవాళ్లకి తెలియదు, అందుకే ఏళ్లతరబడి ఎవరూ మార్చరు. నీలం, ఎరుపు ఎల్‌ఈడీలు వేయించి ఉంటే తీసేసి తెల్లది వేయించండి.

నాది వెలగలేదు. పక్కింటి కుర్రాడు టార్చి పట్టుకుంటే గుండ్రటి మూత తిప్పి చూశాను, బల్బు నల్లబడి ఉంది. మర్నాడు ఆటో ఎలక్ట్రీషియన్ అయిదు నిమిషాల్లో మార్చి, "ఇది మార్చమని వచ్చినవాళ్లలో ఈ ఏడాది మీరే మొదటివారు సార్" అన్నాడు.